మెడ విరిగినప్పుడు.. మొదటి చీటీలో ఏం రాశారు?

పన్నెండేళ్ల కిందటి మాట. అప్పుడు నేనొక ఏరియా ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఓ రాత్రి క్యాజువాలిటీ డ్యూటీలో ఉండగా, బైక్ మీద నుంచి పడ్డాడంటూ ఒకాయన్ని ఆటోలో తీసుకొచ్చారు. ముప్పై ఐదేళ్లుంటాయి. టైలరింగ్ పని చేస్తాడట. ఒంటి మీద నెత్తురు పెద్దగా లేదు. మెడ నొప్పి అన్నాడు. ‘చేతులు తిమ్మిరెక్కుతున్నయి సారూ’ అని కూడా అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇంకో ఇద్దరిని తెచ్చారు. ఒకరికి తల పగిలి స్పృహ లేదు. నేను ఈయన మెడకు కాలర్ వేయించి, చీటీ మీద ‘ఆర్‌టీఏ, మెడ నొప్పి, పెద్దాస్పత్రికి రిఫర్’ అని రాసి హైదరాబాద్ పంపించాను.

రెండేళ్ల తర్వాత ఆయనే ఒక ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మెడలో ఆరో పూస విరిగిందని హైదరాబాద్‌లో తేలింది. ఆపరేషన్ అయింది. నడుస్తున్నాడు. కానీ వేళ్లలో పట్టు లేదు. కత్తెర పట్టుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. నష్టపరిహారం కేసులో ఇన్సూరెన్స్ తరఫు వకీలు ఒకటే ప్రశ్న వేశాడట: ‘ప్రమాదం రోజు చూసిన డాక్టర్ మెడ నొప్పి అని మాత్రమే రాశాడు. చేతుల సంగతి ఎక్కడా లేదు. ఈ బలహీనత ఆ ప్రమాదం వల్లే వచ్చిందని ఎలా నమ్మాలి?’

‘నేను చెప్పిన గద సారూ ఆ రాత్రి. ఒక్క మాట రాస్తే అయిపోవు’ అన్నాడు. కోపంగా అనలేదు. ఆయన చెప్పింది నిజమే. ఆయన చెప్పాడు, నేను విన్నాను, కానీ రాయలేదు.

ఆరోగ్య పేజీలో ఈ కాగితాల గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. మెడపూస విరిగిన మనిషికి కాగితం కూడా వైద్యంలో భాగమే. తర్వాతి ఆస్పత్రిలో ఏ స్కాన్ తీయాలి, ఆపరేషన్ ఎంత తొందరగా చేయాలి, బీమా డబ్బు వస్తుందా, కోర్టులో కేసు నిలుస్తుందా, వికలత్వ ధ్రువీకరణ దొరుకుతుందా అన్నవన్నీ మొదటి రెండు మూడు చీటీల మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ వారం ఆ చీటీల గురించి.

ముందు మెడ, తర్వాతే కాగితం

అసలు సంగతి మర్చిపోకుండా ముందే చెప్పేస్తాను. ప్రమాదంలో పడ్డ మనిషి మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరి అన్నా, స్పృహలో లేకపోయినా మెడపూస విరిగిందనే అనుకోండి. లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి. రెక్కలు పట్టి లాగకండి. ఆటోలో ముడిచి కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా, ఒకరు తలను కదలకుండా పట్టుకుని, మిగతావాళ్లు ఒంటిని ఒక్కసారే తిప్పి గట్టి పలక మీద పడుకోబెట్టాలి. హెల్మెట్ తీయాల్సి వస్తే ఒకరు మెడను పట్టుకోవాలి, ఇంకొకరు మెల్లగా తీయాలి. ఊపిరికి అడ్డం లేకపోతే అది తెలిసినవాళ్లు వచ్చేదాకా అలాగే ఉంచడం మేలు.

పోలీసులు అడుగుతారేమో, కేసులో ఇరుక్కుంటామేమో అన్న భయం వద్దు. ప్రమాద బాధితులకు సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. పోలీసు లాంఛనాల కోసం ఎదురుచూడకుండా ముందు ప్రాణం కాపాడాలని 1989లోనే పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఏ పూస అన్నది ఎందుకంత ముఖ్యం?

మెడలో ఏడు పూసలుంటాయి. పై నుంచి కిందికి సి1, సి2.. సి7 అని మేం పిలుస్తాం. వాటి మధ్య గొట్టంలాంటి దారిలో వెన్నుపాము ఉంటుంది. ఎముక విరగడం ఒక సంగతి, వెన్నుపాము దెబ్బతినడం ఇంకో సంగతి. ఎముక విరిగినా వెన్నుపాము బాగానే ఉండొచ్చు. ఎముక విరగకుండానే వెన్నుపాము నలగొచ్చు. అందుకే రెండింటి గురించీ వేర్వేరుగా రాయాలి.

మొదటి రెండు పూసలు తలను మోస్తూ, తిప్పుతూ ఉంటాయి. బాత్రూంలో జారిపడిన పెద్దవాళ్లలో రెండో పూసలో ఉండే పంటిలాంటి భాగం తరచుగా విరుగుతుంది. మూడు, నాలుగు, ఐదు నాడులు ఊపిరి తీసే డయాఫ్రమ్ కండరాన్ని నడిపిస్తాయి. అక్కడ వెన్నుపాము తెగితే ఊపిరే కష్టం. ఐదో నాడి దెబ్బతింటే భుజం ఎత్తలేరు, మోచెయ్యి మడవలేరు. ఆరోది మణికట్టు పైకెత్తడానికి, ఏడోది మోచెయ్యి చాపడానికి, ఎనిమిదోది వేళ్లు మడిచి పిడికిలి బిగించడానికి పనికొస్తాయి.

ఇప్పుడు ఆలోచించండి. చీటీ మీద ‘నెక్ ఇంజురీ’ అని రాసి ఉంటే తర్వాతి డాక్టర్‌కు ఏం తెలుస్తుంది? మెడ పట్టేసిన మనిషికీ, గంట గంటకూ చేతుల్లో బలం పోతున్న మనిషికీ అదే మాట రాస్తే, ఎవరిని ముందు స్కాన్‌కు పంపాలి?

ఎస్ 12 అంటే ఏమిటి?

మీ చుట్టాల్లోనో పక్కింట్లోనో ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తున్న పిల్లలు ఉండే ఉంటారు. అమీర్‌పేటలో దీనికి కోచింగులే ఉన్నాయి. చాలామంది చేసే పని అమెరికా ఆస్పత్రుల కేసు కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ గాయానికీ ఒక సంకేత సంఖ్య వేయడం. ఆ సంఖ్యను బట్టే అక్కడ బీమా సంస్థ బిల్లు కడుతుంది. డాక్టర్ రాయనిది వాళ్లు ఊహించి వేయకూడదు. రాయకపోతే లేనట్టే.

ఈ సంఖ్యలకు మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ. దాన్నే ఐసీడీ అంటాం. 11వ సంచిక 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినా, మన ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించేది 10వ సంచికే. అందులో మెడ ఎముక విరిగితే ఎస్ 12. మొదటి పూసకు ఎస్ 12.0, రెండో పూసకు ఎస్ 12.1, మిగతా పూసల్లో ఫలానాది అని చెబితే ఎస్ 12.2, ఒకటి కంటే ఎక్కువ విరిగితే ఎస్ 12.7. మెడలో ఎక్కడ విరిగిందో డాక్టర్ చెప్పకపోతే ఎస్ 12.9. వెన్నుపాముకు, నాడులకు దెబ్బ తగిలితే దానికి విడిగా ఎస్ 14 వేయాలి. మెడ బెణికితే ఎస్ 13.4. ‘మెడకు గాయం’ అని మాత్రమే రాస్తే ఎస్ 19.9. అంటే నేను ఆ రాత్రి రాసిన చీటీకి ఎవరైనా సంకేతం వేయాల్సి వస్తే, ఎముక విరిగిన మనిషి లెక్క నొప్పుల ఖాతాలోకి పోతుంది.

అమెరికాలో ఈ పట్టికను ఇంకా పొడిగించుకున్నారు. అక్కడ మూడో పూసకు ఎస్ 12.2, నాలుగుకు 12.3, ఐదుకు 12.4, ఆరుకు 12.5, ఏడుకు 12.6. చివర ఒక అక్షరం కూడా ఉంటుంది. మొదటిసారి చికిత్స జరుగుతోందా, మానుతున్న దశలో వచ్చారా, ఎముక అతుక్కోలేదా, పాత గాయం మిగిల్చిన ఇబ్బందితో వచ్చారా అన్నది ఆ అక్షరం చెబుతుంది. కాబట్టి అమెరికాలో ఉన్న మీ పిల్లల దగ్గర ఉండగా ఎవరికైనా చికిత్స జరిగి ఆ కాగితాలు ఇక్కడికి తెస్తే, ఒకే సంఖ్యకు రెండు చోట్లా ఒకే అర్థం ఉండదని గుర్తుంచుకోండి. సంఖ్య కాదు, పక్కన మాటల్లో రాసిన వివరమే మాకు ఆధారం.

ఎలా పడ్డారన్నదీ రాయాలి

గాయానికి ఒక సంకేతం ఉన్నట్టే, గాయం ఎలా అయిందన్నదానికి ఇంకో సంకేతం ఉంటుంది. బైక్ మీద వెళ్తూ లారీనో బస్సునో గుద్దుకుంటే వి 24. ఆటోలో ఉన్నవాళ్లకు వి 30 నుంచి 39. నడిచి వెళ్తున్నవాళ్లను వాహనం గుద్దితే వి 01 నుంచి 09. చెట్టు మీద నుంచి పడితే డబ్ల్యూ 14. ‘ఆర్‌టీఏ’ అని మూడక్షరాలు రాసి వదిలేస్తే వి 89. అంటే ఏ వాహనమో, ఎలా జరిగిందో తెలియదని అర్థం.

మన ప్రాంతంలో మెడలు ఎలా విరుగుతాయో చూస్తే ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. సూర్యాపేట, కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద ఉంది. రాత్రిపూట ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దుకోవడం, రోడ్డు దాటుతున్న ట్రాక్టర్‌ను కారు ఢీకొనడం, ఊరి దారి నుంచి హైవే ఎక్కుతూ బైక్ పడిపోవడం.. ఇవన్నీ వేర్వేరు. ఒకదానికి లారీ పార్కింగ్ స్థలం కావాలి, ఇంకోదానికి అండర్‌పాస్ కావాలి. అన్నింటినీ ‘ఆర్‌టీఏ’ అని రాసుకుంటూ పోతే ఏ మలుపు దగ్గర ఏం కావాలో ఎవరు చెబుతారు? ప్రమాదాల వివరాలు నమోదు చేయడానికి ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ కలిసి తయారుచేసిన ఐరాడ్ వ్యవస్థలో పోలీసులతోపాటు ఆస్పత్రులకూ భాగం ఉంది. మేం సరిగా రాస్తేనే అందులో సరైన లెక్క చేరుతుంది.

తాటిచెట్టు ఇంకో కారణం. మోకు జారి పడిన గీత కార్మికులను ఈ ప్రాంతంలో పనిచేసే ప్రతి డాక్టరూ చూసి ఉంటాడు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చీటీలో ‘ఎత్తు నుంచి పడ్డాడు’ అని రాస్తే సరిపోదు. ‘కల్లు గీస్తూ తాటిచెట్టు మీద నుంచి, సుమారు ఇన్ని అడుగుల ఎత్తు నుంచి, కిట్ వేసుకున్నాడు లేదా వేసుకోలేదు’ అని రాయాలి. ఎక్స్‌గ్రేషియాకూ అదే ఆధారం, కిట్ పనిచేస్తోందో లేదో తెలియడానికీ అదే ఆధారం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తా మోస్తూ కాలు జారి, బరువు మెడ మీద పడ్డ హమాలీ సంగతీ అంతే. ‘పనిలో ఉండగా’ అన్న మాట లేకపోతే కార్మిక నష్టపరిహారం అడగడం కష్టమవుతుంది.

ఇక మన నల్లగొండ నేలకు తెలిసిన జబ్బు ఫ్లోరోసిస్. పాత ఫ్లోరైడ్ ఊళ్ల పెద్దవాళ్లలో వెన్నెముక కర్రలా బిగుసుకుపోయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. వాళ్లు మంచం మీద నుంచి జారినా వెన్నుపాము నలగొచ్చు. ఎక్స్‌రేలో విరుపు కనిపించకపోవచ్చు. అందుకే ‘మా నాయన ఫలానా ఊరివాడు, ముందు నుంచే మెడ, నడుము తిరగవు’ అని డాక్టర్‌కు చెప్పండి, రాయించండి. అలాగే ఎముకలు గుల్లబారిన పెద్దావిడ చిన్న దెబ్బకే మెడ విరగ్గొట్టుకుంటే, దాన్ని మామూలు గాయంగా రాయకుండా ఎముకల గుల్లతనం వల్ల విరిగిందని రాయాలి. దానికి సంకేతం వేరు, మందులూ వేరు. ఆ మందులు మొదలుపెట్టకపోతే తర్వాత తుంటి విరుగుతుంది.

రెండు చీటీలు చూడండి

ఉదాహరణకు ఒకే మనిషికి రెండు రకాలుగా రాసిన చీటీలు చూపిస్తాను.

మొదటిది: ‘ఆర్‌టీఏ. నెక్ ఇంజురీ. రిఫర్డ్.’

రెండోది: ‘రాత్రి 9.10కి మునగాల దగ్గర బైక్ మీద వెళ్తూ ఆగి ఉన్న లారీని గుద్దుకున్నారు. హెల్మెట్ ఉంది. 108లో మెడకు కాలర్‌తో 9.50కి వచ్చారు. స్పృహలో ఉన్నారు. మద్యం వాసన లేదు. మెడ వెనక కింది భాగంలో నొక్కితే నొప్పి. రెండు చేతుల వేళ్లలో తిమ్మిరి. పిడికిలి బలం 5లో 3. కాళ్ల బలం 5లో 5. మలద్వారం దగ్గర స్పర్శ ఉంది. మూత్రం సొంతంగా వస్తోంది. ఎక్స్‌రేలో ఆరో పూస ముందు భాగం నలిగినట్టుంది. ఏడో పూస ఫిల్ములో కనిపించలేదు. సీటీ అవసరం.’

రెండోది రాయడానికి మహా అయితే మూడు నిమిషాలు. అందులో ప్రతి మాటకూ పని ఉంది. పిడికిలి బలం 9.50కి 5లో 3 ఉండి, అర్ధరాత్రికి 5లో 1 అయిందంటే వెన్నుపాము మీద ఒత్తిడి పెరుగుతోందని హైదరాబాద్ డాక్టర్ చూడగానే గుర్తుపడతాడు. మొదటి అంకె లేకపోతే తగ్గిందో, ముందు నుంచే అంతో ఆయనకు తెలియదు. మలద్వారం దగ్గర స్పర్శ ఉందన్న ఒక్క మాట, వెన్నుపాము పూర్తిగా తెగలేదనీ కోలుకునే ఆశ ఉందనీ చెబుతుంది. ఏడో పూస ఫిల్ములో కనిపించలేదన్న మాట ఇంకా ముఖ్యం. భుజాలు అడ్డం రావడం వల్ల మామూలు ఎక్స్‌రేలో ఆ పూస తరచుగా కనిపించదు. ‘విరుపు లేదు’ అనడానికీ, ‘చూసినంతవరకు విరుపు కనిపించలేదు’ అనడానికీ చాలా తేడా ఉంది.

కోదాడలో పడ్డ మనిషి సూర్యాపేట జనరల్ ఆస్పత్రికీ, అక్కడి నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్‌కో గాంధీకో ఉస్మానియాకో వెళ్తాడు. మిర్యాలగూడలో పడ్డవాళ్లు నల్లగొండ మీదుగా వెళ్తారు. ఒక రాత్రిలో మూడు ఆస్పత్రులు, నలుగురు డాక్టర్లు. వీళ్లెవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుండకపోవచ్చు. వాళ్ల మధ్య మాట్లాడేది మీ చేతిలోని చీటీ ఒక్కటే.

‘బాత్రూంలో పడ్డాడని రాయండి సార్’

ఇది మీతో కాస్త నిష్ఠూరంగా మాట్లాడాల్సిన విషయం. డ్యూటీలో ఉన్న ప్రతి డాక్టర్‌కూ ఈ మాట అలవాటే. ‘పోలీస్ కేసు వద్దు సార్, ఇంట్లో జారిపడ్డాడని రాయండి’. లైసెన్స్ లేని కొడుకు బండి నడిపాడనో, తాగి ఉన్నాడనో, గుద్దింది తెలిసినవాళ్ల బండి అనో ఆ రాత్రి అలా అనిపిస్తుంది. నెల తర్వాత ఆపరేషన్ ఖర్చు లక్షలు దాటాక అదే కుటుంబం తిరిగొచ్చి, ‘యాక్సిడెంట్ అని మార్చి ఇవ్వండి సార్’ అంటుంది. మార్చడం కుదరదు. మారిస్తే డాక్టరూ మీరూ ఇద్దరూ నేరం చేసినట్టే.

ఇంట్లో పడ్డాడని రాయిస్తే ఏం పోగొట్టుకుంటారో చూడండి. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేకుండా చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వర్తిస్తుంది. అది రోడ్డు ప్రమాదమని కాగితంలో ఉండాలి. గుద్ది పారిపోయిన వాహనం ఏదో తెలియని కేసుల్లో 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తున్నారు. దానికీ అంతే. మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడానికి అదే రోజు నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. కాబట్టి వకీలును కలవడం ఆలస్యం చేయకండి.

దీనికి ఉల్టాగా, ఇంట్లో పడ్డవాళ్లను రోడ్డు మీద పడ్డట్టు రాయమని అడిగేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. జరిగింది జరిగినట్టు చెప్పండి. మేం విన్నది విన్నట్టు, ఎవరు చెప్పారో కూడా రాస్తాం.

డబ్బు, చట్టం, ధ్రువపత్రం

రోడ్డు ప్రమాదం, కొట్లాట, పనిస్థలంలో గాయం.. ఇలాంటివి మెడికో లీగల్ కేసుగా నమోదవుతాయి. ఆ నంబరు మీరు రాసుకోండి. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరిగితే అది తీవ్ర గాయం. అయితే మొదట చూసిన డాక్టర్ దగ్గర స్కాన్ ఉండదు కాబట్టి, చాలాసార్లు అభిప్రాయం తర్వాత చెబుతామని రాస్తారు. ఆ తర్వాత సీటీ రిపోర్టు హైదరాబాద్‌లోనే ఉండిపోతుంది. మొదటి ఆస్పత్రికి చేరదు. కేసు నెలల తరబడి ఆగిపోతుంది. స్కాన్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ కాపీలు దర్యాప్తు చేసే పోలీసు అధికారికి మీరే అందించి, మొదటి ఆస్పత్రికి పంపమని అడగండి.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో పది లక్షలకు పెంచారు. అక్కడ కూడా స్కాన్లు, డాక్టర్ రాసిన వివరాలు చూసే అనుమతి ఇస్తారు. ప్రైవేటు ఆరోగ్య బీమాలోనూ అంతే. డిశ్చార్జ్ సమ్మరీలో ‘పాత మెడ నొప్పి’ అని తెలిసీ తెలియక రాస్తే, అది ముందు నుంచీ ఉన్న జబ్బంటూ కొర్రీ వేయడానికి దారి దొరుకుతుంది. ఇంకొకటి, మీ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతుంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా కావచ్చు. ప్రమాదంలో మరణించినా, పూర్తి వికలత్వం వచ్చినా 2 లక్షలు, శాశ్వత పాక్షిక వికలత్వానికి లక్ష ఇచ్చే పథకమది. చాలా ఇళ్లలో ఆ సంగతే తెలియదు. పాస్‌బుక్ చూసుకుని, బ్యాంకులో వెంటనే చెప్పండి.

చేతులు కాళ్లు శాశ్వతంగా బలహీనపడితే సదరం శిబిరంలో వికలత్వ ధ్రువపత్రం తీసుకోవాలి. చట్టం ఇచ్చే చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. ఆ బోర్డు కూడా మొదటి రోజు నుంచీ ఉన్న కాగితాలనే అడుగుతుంది.

చెప్పడానికి కష్టంగా ఉన్నా ఇంకో మాట. మెడ విరిగి మంచాన పడ్డ మనిషి నెల తర్వాత నిమోనియాతో చనిపోవచ్చు. అప్పుడు మరణ కారణం రాసే ఫారంలో ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఎవరు చనిపోయినా గుండె ఆగుతుంది. ‘నిమోనియా, దానికి కారణం చేతులు కాళ్లు చచ్చుబడటం, దానికి కారణం ఐదో మెడపూస విరగడం, దానికి కారణం ఫలానా రోజు రోడ్డు ప్రమాదం’ అని వరుసగా రాయాలి. ఆ ఫారంలో అందుకే వరుసగా గీతలున్నాయి. ఈ గొలుసు లేకపోతే ప్రమాద బీమా అడిగే భార్యాపిల్లలు ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కాలి.

మేం చేయాల్సింది, సర్కారు చేయాల్సింది

తప్పు రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ ఒక్కడిదే అనడం అన్యాయం. ఒకేసారి ఆరుగురు పేషెంట్లు వస్తే చెయ్యి ముందు నెత్తురు ఆపడానికే పోతుంది. అందుకే పద్ధతి మార్చాలి. మెడ, వెన్ను గాయాలకు ఒక పేజీ ఫారం ముందే అచ్చు వేసి ప్రతి క్యాజువాలిటీలో పెట్టాలి. టిక్కులు పెట్టి, అంకెలు వేస్తే సరిపోయేలా ఉండాలి. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. హౌస్ సర్జన్లకు చేతి బలం కొలవడం నేర్పించినట్టే, దాన్ని రాయడమూ నేర్పించాలి. రికార్డు సెక్షన్లలో కోడింగ్ తెలిసిన మనుషులను నియమించాలి. అమెరికా ఆస్పత్రుల కాగితాలను చక్కదిద్దే నైపుణ్యం మన పిల్లల దగ్గరే ఉంది. కోదాడ, మిర్యాలగూడ ఆస్పత్రుల కేస్ షీట్లకు ఆ నైపుణ్యం దక్కకపోవడం మన లోటు.

మీరు బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

ఏ ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి వెళ్తున్నా, ఇంటికి వెళ్తున్నా ఈ ఏడు సంగతులు చీటీలో ఉన్నాయా చూడండి. ప్రాణం మీదికి వచ్చిన వేళ మాత్రం దీనికోసం అంబులెన్స్‌ను ఆపకండి. తర్వాత ఫోన్ చేసి అడగొచ్చు.

1. పేరు, వయసు, ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఇంటి పేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక ఉన్నా కొర్రీ పడుతుంది.

2. ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, ఎలా జరిగిందో ఉందా?

3. ఏ పూస విరిగిందో అంకెతో ఉందా? తేలకపోతే ‘అనుమానం, సీటీ అవసరం’ అని ఉందా?

4. చేతులు, కాళ్ల బలం, స్పర్శ, మూత్రం సంగతి, చూసిన సమయంతో సహా ఉన్నాయా? తిమ్మిరి ఉందని మీరు చెప్పిన మాట రాశారా?

5. ముందు నుంచీ ఉన్న జబ్బులు, అంటే ఫ్లోరోసిస్, ఎముకల గుల్లతనం, షుగర్, పాత మెడ నొప్పి.. ఉన్నవి ఉన్నట్టు, లేనివి లేవని ఉందా?

6. చేసిన చికిత్స, వేసిన కాలర్, ఇచ్చిన మందులు, తీసిన స్కాన్లు ఉన్నాయా? రిపోర్టుతోపాటు ఫిల్మో సీడీనో ఇచ్చారా?

7. మెడికో లీగల్ నంబరు, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా?

ప్రతి కాగితాన్నీ వెంటనే ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చేయకండి, జిరాక్సులే ఇవ్వండి. ఇన్‌పేషెంట్ రికార్డులను డాక్టర్లు మూడేళ్లు భద్రపరచాలనీ, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో ఉంది. అడగడం మీ హక్కు.

తప్పు కనిపిస్తే మర్యాదగా అడగండి. ‘సార్, చేతులు తిమ్మిరి అన్న సంగతి ఇందులో రాలేదు, రాస్తారా?’ అంటే చాలు. ఎవరూ కొట్టేసి దిద్దకూడదు. కింద కొత్తగా రాసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టాలి. డాక్టర్‌ను అడిగితే కోప్పడతారేమో అని మొహమాటపడకండి. ఆ రాత్రి నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే రాసి ఇచ్చేవాణ్ని.